ఉక్రోషం ఎవరి మీద దిగుతుంది?

"పాపం, బయట ఎన్ని చికాకులు పడి వస్తాడో!" భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి కుటుంబ సలహా కేంద్రంలో, పోలీసు స్టేషన్లో, పెద్దమనుషుల పంచాయితీలో, ఆఖరికి కన్నవారింట్లో కూడా తరచూ ఎదురయ్యే మాట ఇది. మాట మెత్తగానే ఉంటుంది. చెప్పేవాళ్లు చాలాసార్లు ఆమె మేలు కోరేవాళ్లే. కానీ ఆ ఒక్క మాటలో ఒక పూర్తి కథ ఇమిడి ఉంది. పై అధికారి నలుగురిలో అవమానించాడు. జీతం పదో తారీకుకే అయిపోయింది. అప్పులవాడు వీధిలో నిలదీశాడు. కాస్త తాగాడు. ఇంటికొచ్చాడు. చెయ్యి చేసుకున్నాడు. ఈ కథలో హింస చిట్టచివరి వాక్యం. దాని ముందున్న వాక్యాలన్నీ మన జాలిని అతని వైపు లాగుతూ వస్తాయి. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె కోసం మన దగ్గర మిగిలేది చాలా తక్కువ.

ఈ కథను మనకు ఎవరు నేర్పారు? ఇల్లు నేర్పింది, సినిమా నేర్పింది. సాహిత్యం కూడా తన వంతు నేర్పింది. ఆధునిక కథానిక రాజుల్నీ వీరుల్నీ వదిలి చిన్న జీతగాళ్ల బతుకుల్లోకి వచ్చింది. గుమాస్తాలు, బడిపంతుళ్లు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, కూలీలు దానికి ముఖ్యపాత్రలయ్యారు. వాళ్లు ఎటూ కదలలేకపోవడం, కోరుకున్నది ఎప్పుడూ అందకపోవడం, లోపల రగిలే ఉక్రోషం దానికి వస్తువులయ్యాయి. ఇది గొప్ప మార్పు, సందేహం లేదు. కానీ ఈ కథల మీద వచ్చిన విమర్శను చూస్తే ఒక మాట పదేపదే కనిపిస్తుంది: "వ్యవస్థలో చిక్కుకుపోయిన మనిషి". నా పేచీ ఈ "మనిషి" అన్న మాటతోనే. ఒకే ఇంట్లో ఉన్న నలుగురూ ఒకే ఉచ్చులో ఉండరు. బయట ఉచ్చులో పడినవాడు ఇంట్లో మరొకరికి తానే ఉచ్చు కావచ్చు. ఆ తేడా చూడని విమర్శ, తెలిసో తెలియకో, మొదట చెప్పిన ఆ మెత్తటి మాటకే బలం ఇస్తుంది.

నకలు రాసేవాడి నకలు

ఈ విషయం మాట్లాడుకోవడానికి జేమ్స్ జాయిస్ "డబ్లినర్స్" కంటే మంచి పుస్తకం దొరకదు. 1914లో అచ్చయిన ఈ సంపుటిలో 15 కథలున్నాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న డబ్లిన్ నగరంలోని మామూలు మనుషుల కథలు. ఆ నగరానికి పక్షవాతం పట్టిందన్న అర్థం వచ్చే మాట జాయిసే 1906లో ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో అన్నాడు. అప్పటినుంచీ విమర్శకులు ఆ మాట పట్టుకుని అందులోని పాత్రలందరినీ ఒకే రోగానికి లొంగిన రోగుల్లా చదువుతూ వచ్చారు.

అందులో "కౌంటర్‌పార్ట్స్" అనే కథ ఉంది. ఫారింగ్టన్ ఒక లాయర్ల ఆఫీసులో దస్తావేజులకు నకళ్లు రాసే గుమాస్తా. మనిషి భారీగా ఉంటాడు. అతన్ని శాసించే యజమాని ఆలైన్ మాత్రం పొట్టివాడు. సాయంత్రంలోగా పూర్తిచేయాల్సిన నకలు పూర్తికాదు. మధ్యలో ఫారింగ్టన్ బయటికి జారుకుని ఓ గ్లాసు తాగి వస్తాడు. యజమాని అందరి ముందూ నిలదీస్తే అనుకోకుండా ఒక చురుకైన జవాబు ఇస్తాడు. ఆ జవాబుకి క్షమాపణ చెప్పుకోవాల్సి వస్తుంది. గడియారం తాకట్టు పెట్టి 6 షిల్లింగులు తెచ్చుకుంటాడు. స్నేహితులకు తాను తాగించి, వాళ్ల చేత తాగించుకుని, ఆ జవాబు ఇచ్చిన వైనం వీరగాథలా చెప్పుకుంటాడు. లండన్ యాసలో మాట్లాడే ఒక స్త్రీ అతన్ని లెక్కచేయకుండా వెళ్లిపోతుంది. చేతిబలం పందెంలో ఒక కుర్రాడి చేతిలో ఓడిపోతాడు. ఆఖరికి జేబులో 2 పెన్నీలు మిగులుతాయి. మత్తు కూడా పూర్తిగా ఎక్కలేదు. ఇంటికొస్తాడు. భార్య చర్చికి వెళ్లింది. పొయ్యి ఆరిపోయింది. వంట సంగతి చూస్తానన్న చిన్న కొడుకుని కర్ర తీసుకుని కొడతాడు. కొట్టొద్దని, నీకోసం ప్రార్థన చేస్తానని ఆ పిల్లవాడు బతిమాలుతుండగా కథ ఆగిపోతుంది.

"కౌంటర్‌పార్ట్" అంటే దస్తావేజుకు జతగా ఉండే రెండో ప్రతి. పొద్దున్నుంచీ ఆఫీసులో నకలు పూర్తిచేయలేకపోయినవాడు రాత్రి ఇంట్లో దాన్ని పూర్తిచేస్తాడు. యజమాని తనకు చేసినదాన్ని తను కొడుక్కి చేస్తాడు. ఆఫీసులో యజమాని యాసను వెక్కిరించి అతని కంట్లో పడ్డవాడు, ఇంట్లో పిల్లవాడి మాటతీరును వెక్కిరిస్తాడు. అధికారం ఎలా నకలవుతూ కిందికి దిగుతుందో ఇంత స్పష్టంగా చూపిన కథలు తక్కువ.

అయితే ఈ కథను బోధించేటప్పుడు సాధారణంగా ఏం జరుగుతుంది? యాంత్రికమైన పని, వలసపాలనలో మగవాడి అవమానం, తాగుడు, నగర జీవితంలో ఒంటరితనం అని శీర్షికలు పెడతారు. అన్నీ నిజమే. కానీ ఫారింగ్టన్ భార్య ఎవరు? పేరు ఆడా. ఐదుగురు పిల్లలు. భర్త తాగనప్పుడు అతన్ని ఆమె, తాగినప్పుడు ఆమెను అతను బెదిరిస్తుంటారని కథకుడు చెప్పి వదిలేస్తాడు. అంతకు మించి ఆమె గురించి దాదాపు ఏమీ లేదు. ఐదుగురు పిల్లల్ని గుమాస్తా జీతంతో, అందులోనూ తాగుడికి పోగా మిగిలినదానితో సాకే ఆ మనిషి పగలంతా ఏం చేస్తుందో మనకు తెలియదు. ఆమె ఒక సాయంత్రం చర్చికి పోవడం మాత్రం తెలుస్తుంది. తరగతి గదిలో "తల్లి ఇంట్లో ఉంటే పిల్లాడికి దెబ్బలు తప్పేవేమో" అనే విద్యార్థి ప్రతిసారీ ఒకరుంటారు. తల్లి ఉంటే ఆ కర్ర ఎవరి మీద లేచేదో ఎవరూ అడగరు.

ఏడు షిల్లింగులు, ఐదు షిల్లింగులు

అదే పుస్తకంలో మరో కథ "ఎవలిన్". ఇది మొదట 1904లో ఒక వ్యవసాయ సహకార పత్రికలో వచ్చింది. ఎవలిన్‌కి 19 ఏళ్లు దాటాయి. ఒక దుకాణంలో పనిచేస్తుంది. వారానికి 7 షిల్లింగులు. అవి మొత్తం ఇంట్లో ఇచ్చేయాలి. శనివారం రాత్రి సరుకులకు డబ్బడిగితే తండ్రి, నీకు డబ్బు విలువ తెలియదని తిట్టి, చివరికి విదిల్చినట్టు ఇస్తాడు. అప్పుడు సంచీ పట్టుకుని బజారుకి పరుగెత్తాలి. తన బాధ్యతలో ఉన్న ఇద్దరు చిన్నపిల్లల్ని బడికి పంపాలి, వాళ్లకు తిండి చూడాలి. తండ్రి కొడతానని బెదిరించడం ఈమధ్య మొదలైంది. ఇంటిని కలిపి ఉంచుతానని చచ్చిపోయిన తల్లికి మాటిచ్చింది. ఒక నావికుడు పెళ్లి చేసుకుని బ్యూనస్ ఎయిర్స్ తీసుకుపోతానంటాడు. రేవు దాకా వెళ్లి, ఇనుప కటకటాలు పట్టుకుని, ఓడ ఎక్కలేక నిలిచిపోతుంది.

ఇప్పుడు రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి లెక్క చూడండి. ఫారింగ్టన్ ఒక సాయంత్రం తాకట్టు మీద తెచ్చి తగలేసింది 6 షిల్లింగులు. ఎవలిన్ వారమంతా నిలబడి పనిచేస్తే వచ్చేది 7. ఒకే పుస్తకం, ఒకే నగరం. ఇద్దర్నీ "ఇరుక్కుపోయినవాళ్లు" అని ఒకే గాటన కట్టేస్తే ఈ లెక్క కనిపించకుండా పోతుంది. అతనికి ఆఫీసు తర్వాత కనీసం సారా దుకాణం ఉంది. అక్కడ తన కథ వినేవాళ్లున్నారు. ఆ తర్వాత ఇల్లుంది. ఆమెకు దుకాణం తర్వాత మిగిలేది ఇంకో పనిచోటు, అదే ఇల్లు. ఆ రెండో పనిచోటులో జీతం లేదు, సెలవు లేదు, యజమాని కన్నతండ్రి.

ఆమె ఎందుకు వెళ్లలేదని విమర్శకులు వందేళ్లుగా తర్జనభర్జన పడుతున్నారు. పిరికిదన్నారు, సంకల్పం చచ్చిపోయిందన్నారు. తల్లికి ఇచ్చిన మాట గురించి మాత్రం తక్కువ మాట్లాడారు. ఇల్లు కలిపి ఉంచే బాధ్యత తల్లి నుంచి కూతురికి ఆస్తిలా సంక్రమించింది. అదే ఇంట్లోని మగపిల్లవాడు వేరేచోట పనిచేసుకుంటూ వీలైనంత డబ్బు పంపిస్తే సరిపోయింది. ఆస్తి పంపకంలో ఆడపిల్ల వాటా గురించి మనం ఎంతో పోరాడాం. చాకిరీ పంపకంలో మాత్రం ఆమెకు ఎప్పుడూ పూర్తి వాటా దక్కుతూనే ఉంది.

మూడో కథ "క్లే". అంటే మట్టి. మరియా వయసు మళ్లిన అవివాహిత. "డబ్లిన్ బై లాంప్‌లైట్" అనే లాండ్రీలో వంటింటి పని చేస్తుంది. ఒకప్పుడు వేరే ఇంట్లో ఇద్దరు మగపిల్లల్ని పెంచింది. ఆ ఇల్లు చెదిరిపోయాక ఆ పిల్లలే ఆమెకు ఈ పని చూసిపెట్టారు. పండగనాడు వాళ్లింటికి కేకు కొనుక్కుని వెళుతుంది. ఖర్చుకి ఆమె దగ్గర ఉన్నది 5 షిల్లింగులు. కేకు ట్రాములో మరిచిపోతుంది. కళ్లకు గంతలు కట్టి ఆడే ఆటలో ఆమె చేతికి మట్టి తగులుతుంది. అది చావుకి శకునం. అందరూ గప్‌చిప్‌గా దాన్ని మార్చేస్తారు. తననెవరూ బాధపెట్టలేదన్నట్టుగానే ఆమె ఉంటుంది. ఉక్రోషం అనేది ఆమెలో ఎక్కడా పైకి రాదు. తనకు కోపం రావచ్చునని కూడా ఎన్నడూ తోచని మనిషి ఆమె.

మరియా కన్నా కింద ఇంకొందరున్నారు. ఆ లాండ్రీలో బట్టలు ఉతికే స్త్రీలు. అది "చెడిపోయిన" ఆడవాళ్లని బాగుచేయడానికని ప్రొటెస్టంట్లు నడిపిన సంస్థ. కథలో వాళ్లు ఆవిర్లు కక్కే చేతులు తుడుచుకుంటూ టీకి వస్తారు, నవ్వుతారు, వెళ్లిపోతారు. వాళ్లు అక్కడికి ఎలా వచ్చారో ఎవరికీ అక్కర్లేదు. ఇదే కోవకు చెందిన మాగ్డలీన్ లాండ్రీలను ఐర్లండులో క్యాథలిక్ సన్యాసినులు నడిపారు. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లు, అనాథలు, ఇంట్లో బరువనిపించిన అమ్మాయిలు ఆ గోడల వెనక కూలి లేకుండా బట్టలు ఉతికారు. చివరి లాండ్రీ మూతపడింది 1996లో. 1922 తర్వాతి కాలంలోనే సుమారు 10 వేలమంది వాటిలో గడిపారని 2013లో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక తేల్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఐర్లండు ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. కథలో పక్కన నిలబెట్టిన మనుషుల్ని చరిత్ర మధ్యకు తీసుకురావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. అది కూడా ప్రాణాలతో మిగిలిన స్త్రీలు నోరు విప్పడం వల్లనే.

మన దుత్తలు

తెలుగులో ఒక సామెత ఉంది: అత్త మీది కోపం దుత్త మీద. కోడలి నిస్సహాయతను చూసి నవ్వుకోవడానికి దీన్ని వాడుతుంటాం. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే ఇందులో ఒక సామాజిక సూత్రం ఉంది. కోపం తన కారణం మీదికి పోలేనప్పుడు తనకంటే బలహీనమైనదాని మీదికి పోతుంది. అయితే కోడలికి దొరికింది మట్టికుండ. పగిలితే దానికి నొప్పి లేదు, పైగా ఆ నష్టానికి మళ్లీ ఆమే తిట్లు తినాలి. మగవాడికి మాత్రం ప్రాణమున్న దుత్తలు దొరుకుతాయి. భార్య, పిల్లలు.

దుత్త కూడా దొరకని స్త్రీల కోపం ఏమవుతుంది? దీనికి జవాబు మన రచయిత్రుల కథల్లో ఉంది. అది లోపలికి పోతుంది. అబ్బూరి ఛాయాదేవి "సుఖాంతం"లో స్త్రీకి కావలసింది కంటినిండా నిద్ర. పుట్టింట్లో దొరకలేదు, పెళ్లయ్యాక దొరకలేదు, పిల్లలొచ్చాక అసలే దొరకలేదు. చివరికి నిద్రమాత్రలతో ఆ కోరిక తీర్చుకుంటుంది. ఆ కథలో ఆమెను కొట్టినవాళ్లు లేరు. ఆమె మీద పడ్డవి చిన్నచిన్న పిలుపులు, చిన్నచిన్న పనులు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఫిర్యాదుకి పనికిరానివి. అన్నీ కలిస్తే ఒక జీవితకాలం. పి. సత్యవతి "ఇల్లలకగానే"లో గృహిణి ఇల్లు తుడిచి తుడిచి తన పేరే మరిచిపోతుంది. ఎవర్నడిగినా ఫలానావారి భార్య అనో, అమ్మ అనో, అమ్మగారు అనో చెబుతారు గాని పేరు చెప్పరు. పాత స్నేహితురాలు "శారదా" అని పిలిచాక గాని ఆమె తనకు తాను దొరకదు.

ఫారింగ్టన్ కథతో పోల్చండి. అతని ఉక్రోషానికి సంఘటన ఉంది, ఆరంభం ఉంది, పరాకాష్ఠ ఉంది. దాన్ని కథగా చెప్పడం తేలిక. ఈ స్త్రీల ఉక్రోషానికి సంఘటన లేదు. అందుకే "ఇందులో కథేముంది, రోజూ ఉండేదేగా" అన్న పెదవి విరుపు మన రచయిత్రులు తరతరాలుగా విన్నారు. రోజూ ఉండటమే దాని కథ. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారని తేలింది. 2019లో ఆ అంకెలు 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకు 10 నిమిషాలు తగ్గాయి. మగవాళ్లకు 9 తగ్గాయి. అంటే తేడా తగ్గింది ఒక్క నిమిషమే. సత్యవతి కథలోని గుడ్డముక్క ఇంకా చెయ్యి మారలేదు.

ఇక్కడ మనల్ని మనం కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. దుత్త దొరకని స్త్రీ అన్నాను. మధ్యతరగతి స్త్రీ విషయంలో ఇది పూర్తిగా నిజమా? ఆమె ఉక్రోషం దిగడానికి తరచుగా ఇంకో స్త్రీ ఉంటుంది. ఇంటికొచ్చి అంట్లు తోమి, ఆ నేలే తుడిచి వెళ్లే స్త్రీ. ఆలస్యమైతే విసుగు, గ్లాసు పగిలితే జీతంలో కోత, జ్వరమొస్తే అనుమానం. అమ్మగారికి తన పేరు గుర్తులేదన్నది విషాదమే. ఇరవై ఏళ్లు పనిచేసినావిడ ఇంటిపేరు ఆ అమ్మగారికి ఎన్నడైనా తెలుసా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. దళిత స్త్రీలు 1990లలో మన ఉద్యమాన్ని నిలదీసింది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. నకళ్లు రాసే గుమాస్తా కథ ఇంటి గుమ్మం దగ్గర ఆగదు. వంటింటి వెనక తలుపు దాకా వెళుతుంది.

దిగక తప్పదా?

ఇంతవరకు చెప్పింది చదివితే కోపం కిందికి దిగడం నీరు పల్లానికి పారినంత సహజమనిపించవచ్చు. మొదట చెప్పిన ఆ జాలిమాట నిలబడేది ఈ నమ్మకం మీదే. "అంత అవమానం పడ్డవాడు ఏం చేస్తాడు మరి?" అని. ఈ నమ్మకాన్ని ఒక కథతోనూ ఒక ఉద్యమంతోనూ పరీక్షిద్దాం.

గోగు శ్యామల తెలంగాణ పల్లెల్లోని మాదిగ కుటుంబాల కథలు రాశారు. 2012లో ఆమె కథలు ఇంగ్లీషులో సంపుటిగా వచ్చాయి. అందులో "రా వూండ్" అనే పేరుతో ఉన్న కథలో ఊరి పెద్దలు ఒక చిన్నపిల్లను జోగినిని చేయాలని నిర్ణయిస్తారు. జోగినీ వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. ఊళ్లో పెద్దల మాటకు ఎదురుచెప్పడం మాత్రం ఎప్పుడూ ప్రాణాలతో పనే. ఆ పిల్ల తండ్రి కూతుర్ని ఊరు దాటించి చదువుకోవడానికి హాస్టల్లో చేర్పిస్తాడు. దాని ఫలితం కుటుంబమంతా అనుభవిస్తుంది. ఫారింగ్టన్ పడ్డ అవమానం ఈ తండ్రి పడుతున్నదాని ముందు ఎంత? ఇతనికి పైన ఉన్నది ఒక యజమాని కాదు, ఊరంతా. ఇతనికి తాకట్టు పెట్టడానికి గడియారం కూడా లేదు. అయినా ఇతని కోపం కూతురి మీద దిగలేదు. కూతురికీ ఊరికీ మధ్య అడ్డంగా నిలబడింది. పేదరికం, అవమానం మగవాణ్ని తప్పనిసరిగా ఇంట్లో పులిని చేస్తాయన్న సిద్ధాంతం ఇక్కడ కూలిపోతుంది. కిందివాళ్ల మీద చెయ్యి ఎత్తడం ఒక ఎంపిక. ఆ ఎంపికకు పితృస్వామ్యం అనుమతి ఇస్తుంది. అంతే గాని, బలవంతం చేయదు.

ఇక ఉద్యమం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్లు రాత్రి లాంతరు దగ్గర కూర్చుని చదివిన వాచకాల్లో తాగుడు ఇంటికి ఏం చేస్తుందో చెప్పే సీతమ్మ కథ ఉంది. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే "ఆడవాళ్లు ఏకమైతే" అన్న పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివి ఊరూరా ఆడవాళ్లు మా ఊళ్లో మనమెందుకు చేయకూడదనుకున్నారు. 1992లో సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం ప్రభుత్వాలకు పెద్ద ఆదాయమన్నది వేరే విచారం.

ఇక్కడ నాకు ముఖ్యమైనది ఆ ఆడవాళ్లు నిరాకరించిన వాదన. "ఒళ్లు హూనమయ్యేలా కష్టపడతాడు, చుక్క పడకపోతే ఎలా?" అన్నారు చాలామంది, ప్రగతివాదులతో సహా. ఆ ఆడవాళ్లు, మేమూ అదే పొలంలో నాట్లు వేశాం, మా ఒళ్లూ హూనమైంది, మేం ఎవర్ని కొట్టాం, అన్నట్టుగా లేచి నిలబడ్డారు. మగవాడి శ్రమను కాదనలేదు. తమ శ్రమను లెక్కలోకి తెచ్చారు. పైగా వాళ్ల కోపం తాగొచ్చిన భర్తతోనే ఆగిపోలేదు. కాంట్రాక్టరు దగ్గరికి, వేలంపాట పెట్టిన కలెక్టరు ఆఫీసు దగ్గరికి నడిచింది. కిందికి దిగవలసిన కోపం పైకి ఎక్కింది. ఒక చిన్న కథ, మామూలు కూలి బతుకుల కథ, అందుకు తోడ్పడింది. అది సాహిత్య చరిత్రల్లో లేదు. దాని రచనా శిల్పం గురించి ఎవరూ వ్యాసాలు రాయలేదు. అయినా దానిలోని మనిషి చిక్కుకుపోయి ఆగలేదు.

మనం అడగవలసినవి

ఇదంతా వర్గదోపిడీని పక్కకు నెట్టడం కాదా అని కొందరు మిత్రులు అంటారు. కాదు. ఫారింగ్టన్‌ని పీడించిన ఆఫీసు నిజం. చాలని జీతాలు, ఎప్పుడు తీసేస్తారో తెలియని కాంట్రాక్టు ఉద్యోగాలు, పన్నెండు గంటల షిఫ్టులు ఈనాటి నిజం. వాటి మీద పోరాటం స్త్రీల పోరాటం కూడా. ఆ షిఫ్టుల్లో స్త్రీలున్నారు కనుక. నేను అంటున్నది ఇంతే: యజమాని చేసిన అన్యాయానికి పరిహారం యజమాని దగ్గరే వసూలు చేయాలి. భార్య వీపు మీద కాదు, పిల్లవాడి కాళ్ల మీద కాదు. ఇంట్లో ఒక దుత్తను సమకూర్చి పెట్టడం యజమానికే లాభం. గుమాస్తా కోపమంతా రాత్రికి అక్కడ ఖర్చయిపోతే, పొద్దున్నే అతను మళ్లీ తలవంచుకుని ఆఫీసుకి వస్తాడు. ఉక్రోషం ఇంట్లో దిగినంత కాలం ఆఫీసు పదిలంగా ఉంటుంది.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. భర్త బయట పడ్డ అవమానాలు దానిలో ఎక్కడా సాకుగా రాసిలేవు. సాకు ఉన్నది చట్టంలో కాదు, చట్టాన్ని అమలు చేసేవాళ్ల మనసులో స్థిరపడిన కథలో. సలహా కేంద్రంలో కూర్చునేవాళ్లు ఆమెను "అతనికి ఏమైనా టెన్షన్లున్నాయా?" అని అడిగే ముందు "నీకు రోజు ఎలా గడుస్తుంది?" అని అడగాలి. పొద్దున్న ఎన్నింటికి లేచావు, ఎవరి చేత మాట పడ్డావు, ఎంత సంపాదించావు, అది ఎవరి చేతిలో పెట్టావు, రాత్రి ఎన్నింటికి నడుం వాల్చావు? ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీదికి వస్తే కథలో మొదటి వాక్యమే మారిపోతుంది.

కథలు చదివేటప్పుడూ ఇవే ప్రశ్నలు అడుగుదాం. ఇందులో ఎవరి ఉక్రోషానికి పేజీలు దొరికాయి, ఎవరిదానికి ఒక్క వాక్యం దొరికింది? కోపం ఎక్కడ పుట్టింది, ఎక్కడ దిగింది? దిగినచోట ఉన్న మనిషికి పేరుందా? ఫారింగ్టన్ కథ పిల్లవాడి ఏడుపు దగ్గర ఆగిపోతుంది. కాసేపటికి ఆడా చర్చి నుంచి తిరిగివచ్చే ఉంటుంది. ఆరిన పొయ్యి, ఏడ్చి పడుకున్న పిల్లవాడు, మిగిలిన 2 పెన్నీలు. అక్కడినుంచి ఆ రాత్రిని ఆమె ఎలా గడిపిందో, మర్నాడు ఐదుగురికి ఏం పెట్టిందో చెప్పే కథ ఇంకా ఎవరో ఒకరు రాయాలి. మన ఊళ్లలోని ఆడాలు అలాంటి కథలు రోజూ చెబుతూనే ఉన్నారు, సలహా కేంద్రాల బల్లల ముందు కూర్చుని. వాటిని చివరిదాకా వినడం మన పని.